మోటారు హోమ్ వెనుక కారు కట్టి లాగాలంటే ఏ పరికరాలు కొనాలి, ముందుగా ఏది చూసుకోవాలి?

పద్మావతిపురం మాస్టారు, తిరుపతి

సభ్యులందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో గణితం బోధించి, పదవీ విరమణ చేసి తిరుపతిలో ఉంటున్నాను. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో స్థిరపడ్డారు. ఈ మధ్య వాళ్ళు వాడిన మోటారు హోమ్ ఒకటి కొన్నారు. వంటగది, పడకలు, స్నానాల గది అన్నీ ఉండే బస్సు వంటి బండి అది. ఫోర్డ్ ఈ-450 చాసిస్ మీద కట్టారు. వచ్చే జూన్‌లో నన్నూ మా ఇంటావిడనూ రప్పించుకుని, ఇద్దరు మనవరాళ్ళతో కలిపి ఆరుగురం గ్రాండ్ కాన్యన్ చూసి, అక్కడి నుండి కొలరాడో కొండల మీదుగా ఎల్లోస్టోన్ వరకు వెళ్ళి రావాలని వారి సంకల్పం.

అంత పెద్ద బండిని పాల ప్యాకెట్టు కోసమో, ఇరుకు దారిలో ఉన్న జలపాతం చూడడం కోసమో తీయడం కష్టం కనుక, దానిని బస చేసిన చోటే నిలిపి, చుట్టుపక్కల తిరగడానికి తమ హోండా సీఆర్-వీ కారును వెనుక తగిలించుకుని తీసుకువెళ్తానని మా అల్లుడు అంటున్నాడు. కారు 2014 మోడల్, ఆటోమేటిక్ గేర్లది. బరువు సుమారు 3,500 పౌండ్లు, అంటే దాదాపు 1,590 కిలోలు. అక్కడ ఇది చాలామంది చేసే పనేనట.

నా ఇబ్బంది ఏమిటంటే, ఎవరో అమ్ముతున్న పాత టో బార్ (కారు ముందు భాగాన్ని బండి వెనుకకు కలిపే ఇనుప కడ్డీ) ఒకటి తక్కువ ధరకు దొరుకుతున్నదని, ముందు అది కొనేసి, కారుకు పెట్టే బ్రేకు పరికరం సంగతి ఒకటి రెండు ప్రయాణాల తరువాత చూసుకోవచ్చునని అతను ఫోనులో చెప్పాడు. మోటారు హోమ్ బ్రేకులు అంత బరువును ఆపగలిగినప్పుడు ఇంకొక కారును ఆపలేవా అన్నది అతని వాదన. వాదన వినడానికి సబబుగానే ఉన్నా నా మనసు ఒప్పుకోవడం లేదు. అల్లుడికి ఎదురు చెప్పాలంటే నా దగ్గర భయం తప్ప లెక్క ఉండాలి కదా. అందుకే అడుగుతున్నాను: ఈ కారును ఏ పద్ధతిలో లాగడం మంచిది, ఏయే పరికరాలు తప్పనిసరి, బ్రేకు పరికరాన్ని వాయిదా వేయవచ్చునా?


చంద్రగిరి కోట, కొలరాడో

మాస్టారికి నమస్కారం. మాది చంద్రగిరి. పదకొండేళ్ళుగా కొలరాడోలో ఉంటున్నాను, అందులో ఆరేళ్ళుగా మోటారు హోమ్ వెనుక కారు కట్టి తిరుగుతున్నాను. బ్రేకును వాయిదా వేయకూడదన్నది నా నిశ్చితమైన అభిప్రాయం. దాని గురించి విడిగా రాస్తాను. ముందు కారు, బరువుల లెక్క తేల్చుకుందాం, ఎందుకంటే ఆ రెండూ తేలకుండా ఏ పరికరం కొన్నా డబ్బు వృథా.

కారును తీసుకువెళ్ళడానికి మూడు పద్ధతులున్నాయి. నాలుగు చక్రాలూ నేల మీదే దొర్లుతుండగా టో బార్‌తో లాగడం ఒకటి. ముందు చక్రాలను మాత్రం డాలీ అనే చిన్న రెండు చక్రాల బండి మీదికి ఎక్కించి లాగడం రెండవది. కారు మొత్తాన్ని ట్రైలర్ మీద పెట్టుకోవడం మూడవది. మొదటి పద్ధతికి అన్ని కార్లూ పనికిరావు. మామూలు ఆటోమేటిక్ గేరుబాక్సులో లోపలి భాగాలకు నూనె పంపే పంపు ఇంజనుతో తిరుగుతుంది. ఇంజను ఆపి కారును లాగితే చక్రాలు గేరుబాక్సులోని భాగాలను తిప్పుతూనే ఉంటాయి, కానీ పంపు నడవదు కనుక వాటికి నూనె అందదు. కొంత దూరం వెళ్ళేసరికి గేరుబాక్సు కాలిపోతుంది. జీప్ రాంగ్లర్ వంటి వాటిలో ట్రాన్స్‌ఫర్ కేసును, అంటే గేరుబాక్సు నుండి ముందు వెనుక చక్రాలకు శక్తిని పంచే పెట్టెను, న్యూట్రల్‌లో పెట్టి చక్రాలను గేరుబాక్సు నుండి పూర్తిగా విడదీయవచ్చు, అందుకే ఇక్కడ మోటారు హోముల వెనుక అవి అంత ఎక్కువగా కనిపిస్తాయి.

మీ అదృష్టం కొద్దీ సీఆర్-వీని 2014 మోడల్ వరకు ఇలా లాగడానికి హోండా వారు అనుమతించారు. 2015లో సీవీటీ అనే, విడివిడి గేర్లు లేని గేరుబాక్సు వచ్చాక ఆ అనుమతి పోయింది. ఒక్క ఏడాది తేడాతో మీ కారు సరైన వైపున ఉన్నది. అయితే కారుతో వచ్చిన యజమాని పుస్తకంలో చెప్పిన వరుసను తు.చ. తప్పకుండా పాటించాలి: ఇంజను నడుస్తుండగా గేరును అన్ని స్థానాల గుండా తిప్పి, డి లో కాసేపు ఉంచి, న్యూట్రల్‌కు తెచ్చి, మూడు నిమిషాలు ఇంజనును అలాగే నడవనిచ్చి ఆపాలి. ఆ తరువాత స్టీరింగు తాళం పడకుండా తాళంచెవిని యాక్సెసరీ స్థానంలో ఉంచాలి. ఈ మూడు నిమిషాలను తొందరలో ఒక నిమిషానికి కుదించేవారిని చూశాను, ఆ పని చేయవద్దని మీ అల్లుడుగారికి గట్టిగా చెప్పండి. వేగం గంటకు 65 మైళ్ళు దాటకూడదు.

ఇక బరువులు. ఈ-450 చాసిస్‌కు సాధారణంగా బండి మొత్తం బరువు పరిమితి 14,500 పౌండ్లు, బండినీ, వెనుక లాగబడే కారునూ కలిపిన మొత్తం పరిమితి 22,000 పౌండ్లు ఉంటాయి. డ్రైవరు తలుపు దగ్గరి చీటీలోనూ, చాసిస్ పుస్తకంలోనూ ఈ అంకెలను సరిచూసుకోవాలి. రెండింటి తేడా 7,500 కనుక అంత లాగవచ్చునని అనుకుంటే పొరపాటు. బండి వెనుక బిగించిన హిచ్ రిసీవర్ (టో బార్‌ను దూర్చి తగిలించే చతురస్రపు గొట్టం) మీద వేరే చీటీ ఉంటుంది. చాలా బండ్లలో అది 5,000 పౌండ్లే. టో బార్‌కు ఒక పరిమితి, కారు ముందు బిగించే బేస్‌ప్లేటుకు ఒక పరిమితి, సేఫ్టీ కేబుళ్ళకు ఒక పరిమితి ఉంటాయి. వీటన్నిటిలో ఏది తక్కువో అదే మీ పరిమితి.

ట్రైలర్ ఎందుకు వద్దో ఈ లెక్కలోనే తెలుస్తుంది. యూ-హాల్ వారు అద్దెకిచ్చే కారు ట్రైలర్ ఖాళీగానే 2,210 పౌండ్లు తూగుతుంది. దాని మీద మీ 3,500 పౌండ్ల కారును పెడితే 5,710 అవుతుంది, 5,000 పౌండ్ల హిచ్‌కు అది మించిన భారం. డాలీ బరువు తక్కువే, కానీ బస చేసిన ప్రతిచోటా దానిని విప్పి పెట్టడానికి చోటు వెతుక్కోవాలి, చక్రాలకు కట్టిన పట్టీలను బయలుదేరిన కొద్ది మైళ్ళకే ఆగి మళ్ళీ బిగించాలి. నాలుగు చక్రాల మీద లాగడానికి అనువైన కారు చేతిలో ఉండగా డాలీ జోలికి వెళ్ళడం నాకు అనవసరంగా తోస్తుంది.

పాత టో బార్ విషయం. బ్లూ ఆక్స్, రోడ్‌మాస్టర్, డెమ్కో వంటి తయారీదారుల బార్‌లలో జరిగి లాక్ అయ్యే చేతులు రెండుంటాయి. వాడిన బార్ కొనేటట్లయితే ఆ చేతులను పూర్తిగా బయటికి లాగి ఊపి చూడండి. పిన్నులు దూరే రంధ్రాలు గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉన్నా, కీళ్ళ దగ్గర లొటలొటమన్నా, దాని మీద బరువు పరిమితి రాసిన చీటీ చెరిగిపోయినా దాని జోలికి వెళ్ళవద్దు. బేస్‌ప్లేటును మాత్రం ఆ కారు మోడల్ కోసమే తయారైనదానిని కొత్తగా కొనాలి. అది కారు చాసిస్‌కు బోల్టులతో బిగుస్తుంది, దాని కోసం ముందు బంపరును విప్పవలసి రావచ్చు. సేఫ్టీ కేబుళ్ళను బార్ కింద ఒకదానికొకటి అడ్డంగా దాటించి తగిలించాలి, అప్పుడు బార్ ఊడినా దాని ముక్కు రోడ్డుకు గుచ్చుకోకుండా ఆ కేబుళ్ళు ఊయలలా పట్టుకుంటాయి.


పాత డిపో మెకానిక్, తిరుపతి

మాస్టారూ, నేను ఆర్టీసీ గ్యారేజీలో బ్రేకుల పని చేసి రిటైరైనవాడిని. అమెరికా పరికరాలను నేను చూడలేదు, కానీ మీరు అడిగిన లెక్క నా దగ్గర ఉన్నది.

కదిలే బండిని ఆపడమంటే దాని వేగాన్ని వేడిగా మార్చడమే. 14,500 పౌండ్ల బండికి 3,500 పౌండ్ల కారును తగిలిస్తే బరువు 24 శాతం పెరుగుతుంది, అదే బ్రేకులు 24 శాతం ఎక్కువ వేడిని భరించవలసి వస్తుంది. మట్టసమైన దారిలో ఒకసారి ఆగడానికి అది పెద్ద సంగతి కాదు, మీ అల్లుడుగారికి ఆ ధైర్యం అక్కడే వచ్చి ఉంటుంది. కానీ మీరు వెళ్ళేది కొండలకు. 7 శాతం వాలులో దిగేటప్పుడు బ్రేకు లేని 3,500 పౌండ్ల కారు 245 పౌండ్ల బలంతో, అంటే 111 కిలోల మూటను వీపున ఆనించినట్టుగా, వాలు పూర్తయ్యేవరకు క్షణం విడవకుండా ముందు బండిని తోస్తూనే ఉంటుంది. వంపులో బ్రేకు తొక్కినప్పుడు ఆ తోపుడు తిన్నగా కాక పక్కగా పడుతుంది, ముందు బండి తోక పక్కకు జరుగుతుంది.

తిరుమల నుండి దిగే దారి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. ఆ దారిలో తొందరపడి నిర్ణీత సమయానికి ముందే అలిపిరికి చేరిన వాహనాన్ని నిలిపి జరిమానా వేసే పద్ధతి ఎందుకు పెట్టారో మాకు గ్యారేజీలో రోజూ కనిపించేది. కొత్తగా ఘాట్ డ్యూటీకి వచ్చిన డ్రైవరు పై గేరులో దిగి, ప్రతి మలుపుకూ పెడల్ తొక్కుకుంటూ వచ్చిన బస్సును షెడ్డులోకి తెస్తే, చక్రం దగ్గరికి పోకముందే లైనర్లు కాలిన ఘాటు వాసన ముక్కుకు తగిలేది. డ్రమ్ము మీద నాలుగు నీటి చుక్కలు చల్లితే సుయ్యిమని ఎగిరిపోయేవి. లైనర్ విప్పి చూస్తే పైభాగం గాజులా నున్నగా మెరుస్తూ ఉండేది. అలా మెరుపెక్కిన లైనర్ డ్రమ్మును పట్టదు, జారుతుంది. అదే దారిలో అనుభవమున్న డ్రైవరు రెండో గేరులో, ఇంజను పట్టు మీద దింపిన బస్సు డ్రమ్ము మీద చెయ్యి ఆనించగలిగేంత వేడితోనే వచ్చేది.

మీ బండికి ఉన్నవి గాలి బ్రేకులు కావు, నూనెతో పనిచేసేవి. వాటికి ఇంకొక ప్రమాదం ఉన్నది. బ్రేకు నూనె కాలక్రమంలో గాలిలోని తేమను పీల్చుకుంటుంది. చక్రం దగ్గర వేడి మితిమీరినప్పుడు ఆ నూనె మరిగి బుడగలు పుడతాయి, బుడగలు నొక్కుకుపోతాయి కనుక పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. వాడిన బండి కొన్నారంటున్నారు కాబట్టి, ప్రయాణానికి ముందు నూనెను పూర్తిగా మార్పించి, ప్యాడ్ల మందం కొలిపించండి. ఇది కారుకు పెట్టే బ్రేకు పరికరానికి బదులు కాదు, దానికి అదనం.

కారుకు తన బ్రేకు తానే వేసుకునే ఏర్పాటు ఉంటే దాని బరువును దాని నాలుగు చక్రాలే ఆపుకుంటాయి, ముందు బండి తన బరువును మాత్రం చూసుకుంటుంది. అంత సూటిగా ఉన్న విషయాన్ని రెండు ప్రయాణాల తరువాత చూసుకుందామనడం నాకు అర్థం కాలేదు. మొదటి ప్రయాణంలోనే కదా కొండలు వస్తున్నవి.


మొగిలి ఘాట్, చిత్తూరు

మెకానిక్ గారు చెప్పిన తోపుడును నేను కళ్ళారా చూశాను. మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. చెరకు సీజనులో ట్రాక్టరు వెనుక ట్రాలీ నిండా గడలు వేసుకుని దిగుడు దారిలో వస్తుండగా, అడ్డంగా వచ్చిన గేదెను తప్పించడానికి మా పక్క చేను అబ్బాయి గబుక్కున బ్రేకు వేశాడు. ట్రాక్టరు ఆగింది, ట్రాలీ ఆగలేదు. కొక్కెం దగ్గర ఇరుసుగా తిరిగి, ట్రాక్టరును పక్కకు తోసి, రెండూ కత్తెర మూసుకున్నట్టు మడుచుకున్నాయి. గడలన్నీ కాలువలో పడ్డాయి. ఆ అబ్బాయి దూకేశాడు కనుక చెయ్యి మాత్రమే విరిగింది. ట్రాలీకి బ్రేకు ఉండి ఉంటే ఆ రోజు గేదె దాటి వెళ్ళే వరకు ఆగి, మళ్ళీ బయలుదేరేవాడు.

ఇది చదివి ఎవరైనా మన దగ్గర కూడా ఇలా కారు కట్టుకుని తిరగవచ్చునని అనుకోకుండా ఒక మాట రాస్తున్నాను. మా తమ్ముడు టెంపో ట్రావెలర్‌ను కారవాన్‌గా మార్పించుకుని, వెనుక చిన్న కారును కట్టుకుని పోదామన్నప్పుడు నేను నిబంధనలు చదివాను. 1989 నాటి రహదారి నిబంధనల ప్రకారం రిజిస్టరైన ట్రైలర్, సైడ్ కారు కాకుండా ఇంకొక మోటారు వాహనాన్ని లాగడం అన్నది చెడిపోయిన బండినో, పూర్తిగా తయారుకాని బండినో చేర్చవలసిన చోటికి, దగ్గరి గ్యారేజీకి చేర్చడానికే. అప్పుడు కూడా లాగబడే బండి స్టీరింగు దగ్గర లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి, లేదా ముందు చక్రాలను నేల తగలకుండా ఎత్తి పట్టాలి. రెండు బండ్ల మధ్య ఎడం ఐదు మీటర్లు మించకూడదు, వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదు. 2017లో వాటి స్థానంలో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చినా, బాగున్న కారును విహారయాత్రకు వెనుక కట్టుకుని హైవే మీద వెళ్ళడానికి వీలు కల్పించలేదు. మా తమ్ముడి కారును మా బావమరిది విడిగా నడుపుకుంటూ వెనుక వస్తున్నాడు. భాకరాపేట ఘాట్‌లోనైనా మా మొగిలి ఘాట్‌లోనైనా నాకు అదే నిశ్చింతగా ఉన్నది.


చంద్రగిరి కోట, కొలరాడో

మెకానిక్ గారు వేసిన లెక్కలోని 7 శాతం వాలు మాస్టారి దారిలో నిజంగానే ఉన్నది. కొలరాడోలో ఐ-70 రహదారి ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గర సముద్రమట్టానికి 3,400 మీటర్ల ఎత్తుకు చేరి, అక్కడి నుండి పడమటి వైపు 7 శాతం వాలుతో దిగుతుంది. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికి రోడ్డు పక్కన మెత్తటి గులకరాళ్ళ వాలుదారులు కట్టి ఉంచారంటే ఆ దిగుడు ఎటువంటిదో ఊహించుకోవచ్చు. ఫీనిక్స్ నుండి గ్రాండ్ కాన్యన్ వైపు వెళ్ళే ఐ-17 కూడా పొడవైన ఎక్కుడు దిగుళ్ళతో ఉంటుంది.

బ్రేకు పరికరాలు రెండు రకాలు. మొదటిది పెట్టె రకం. డ్రైవరు కాళ్ళు పెట్టుకునే చోట దానిని ఉంచి, వెనుక భాగాన్ని సీటుకు ఆనించి, ముందున్న చేతిని బ్రేకు పెడల్‌కు బిగించి, కారులోని 12 వోల్టుల సాకెట్టుకు కలుపుతారు. మోటారు హోమ్ వేగం తగ్గుతున్నట్టు పెట్టెలోని సెన్సర్ గుర్తించగానే ఆ చేయి పెడల్‌ను నొక్కుతుంది. దీనిని ఇంకొక కారుకు మార్చుకోవచ్చు, అమర్చడానికి వర్క్‌షాపు అవసరం లేదు. కానీ ప్రతిసారీ పెట్టాలి, తీయాలి, సీటు సరైన చోట ఉన్నదో లేదో చూడాలి. రెండవది సీటు కిందనో బానెట్ కిందనో శాశ్వతంగా బిగించేది. ఖర్చు ఎక్కువే అయినా, కేబుల్ తగిలిస్తే చాలు, సిద్ధంగా ఉంటుంది. ఏడాదికి ఒక యాత్ర చేసేవారికి పెట్టె రకం సరిపోతుంది, నెలకు రెండుసార్లు వెళ్ళేవారు శాశ్వత రకానికి పోవడం మేలు, ఎందుకంటే మనిషి అలసిపోయిన సాయంత్రం పెట్టెను సరిగ్గా అమర్చడు. గాలి బ్రేకుల బండ్ల కోసం వేరే రకం పరికరాలున్నాయి, ఈ-450కి అవి పనికిరావు, పొరపాటున కొనవద్దు.

ఏ రకమైనా మూడు గుణాలు ఉండాలి. ముందు బండి ఎంత గట్టిగా ఆగితే కారు బ్రేకు అంత గట్టిగా పడాలి, ఎప్పుడూ ఒకే నొక్కుడు నొక్కేది మంచిది కాదు. ఇంజను ఆపిన కారులో పెడల్‌ను రెండు మూడుసార్లు తొక్కగానే బూస్టరులోని (పెడల్ నొక్కుడుకు బలం కలిపే డబ్బాలోని) వ్యాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా గట్టిపడుతుందని కారు నడిపే అందరికీ తెలుసు. ఆ గట్టి పెడల్‌ను కూడా నొక్కగల బలమో, సొంతంగా వ్యాక్యూమ్ పుట్టించే పంపో పరికరానికి ఉండాలి. మూడవది, కారు బ్రేకు పడినప్పుడల్లా డ్రైవరు ముందు దీపం వెలగాలి. ఆ దీపం లేకపోతే కారు బ్రేకు సగం పట్టి ఉండిపోయినా ముందున్నవారికి తెలియదు, చక్రాలు కాలి మంటలు వచ్చేవరకు అలాగే ఈడ్చుకుపోతారు.

దీనితోపాటు బ్రేక్‌అవే స్విచ్ తప్పనిసరి. కారు ముందు భాగంలో బిగించిన ఆ స్విచ్‌లోని పిన్నుకు సన్నటి కేబుల్ ఉంటుంది. టో బార్ పూర్తిగా ఊడిపోయి కారు విడిపోతే కేబుల్ పిన్నును లాగేస్తుంది, కారు బ్రేకులు వాటంతట అవే పడతాయి. ఆ కేబుల్‌ను టో బార్‌కు తగిలించేవారు ఉన్నారు. బార్ ఊడినప్పుడు దానితోపాటే కేబులూ వచ్చేస్తుంది కనుక అది ఎందుకూ కొరగాదు. మోటారు హోమ్ చాసిస్‌కే విడిగా తగిలించాలి. చట్టం కూడా ఇదే దారిలో ఉన్నది: 3,000 పౌండ్లు దాటిన బరువును లాగితే దానికి సొంత బ్రేకు ఉండాలని చాలా రాష్ట్రాలు అంటాయి, కొన్నిచోట్ల ఆ అంకె ఇంకా తక్కువ. మీ కారు 3,500 పౌండ్లు.

లైట్ల గురించి క్లుప్తంగా చెబుతాను. మోటారు హోమ్ బ్రేకు లైటు, సిగ్నళ్ళు కారు వెనుక కూడా వెలగాలి. కారు వైరింగుకే కలిపేటట్లయితే విద్యుత్తు వెనక్కి పారకుండా డయోడ్లు పెట్టించాలి, లేదా కారు లైటు డబ్బాలో విడిగా బల్బు అమర్చాలి. తాళంచెవి యాక్సెసరీ స్థానంలో ఉండడం వల్ల, బ్రేకు పరికరం కూడా వాడుకోవడం వల్ల కారు బ్యాటరీ రోజంతా కరుగుతుంది. ముందు బండి నుండి చార్జింగు వైరు ఒకటి లాగించుకుంటే సాయంత్రం కారు స్టార్టు కాని అవస్థ తప్పుతుంది.

నాకు రెండో ఏడు జరిగింది చెబుతాను. న్యూ మెక్సికోలో మిట్టమధ్యాహ్నం వెళ్తుండగా వెనుక ట్రక్కు ఒకటి దీపాలు వెలిగించి ఆర్పుతూ, పక్కకు వచ్చి డ్రైవరు చెయ్యి చూపించి వెళ్ళిపోయాడు. ఆపి దిగి చూస్తే కారు కుడి వెనుక టైరు లేదు. రిమ్ము మాత్రం మిగిలి ఉన్నది, దాని అంచు రోడ్డుకు రాసుకుని కత్తిలా పలచబడింది, తెగిన రబ్బరు పేలికలు చక్రం పై రేకును లోపలి నుండి చీల్చి ఉన్నాయి. ఆరు టన్నుల బండిలో కూర్చున్న నాకు స్టీరింగులో చిన్న అదురైనా తెలియలేదు. ఆ వారమే కారు నాలుగు టైర్లకూ గాలి ఒత్తిడి చూపే సెన్సర్లు పెట్టించాను. వాటి ఖర్చు ఒక రిమ్ము ఖర్చుకు మించదు, బండి పొడవు ఎక్కువ కనుక సంకేతం ముందుకు అందడానికి రిపీటరు కూడా తీసుకోవాలి.

ఇంకొక ముఖ్యమైన మాట. నాలుగు చక్రాల మీద లాగే కారుతో వెనక్కి వెళ్ళకూడదు. రెండు మూడు అడుగులైనా వద్దు. వెనక్కి తోయగానే కారు ముందు చక్రాలు తమంతట తామే ఏదో ఒక పక్కకు పూర్తిగా తిరిగిపోతాయి, కారు అడ్డంగా జారుతుంది, టో బార్ చేతులు వంగిపోతాయి. పెట్రోలు బంకులోకి తిరిగే ముందే బయటికి పోయే దారి చూసుకోవాలి. ఇరుక్కుంటే ఎంతమంది హారన్ కొట్టినా సరే, దిగి, కారును విప్పి, విడిగా నడిపి తీయాలి. అందుకే వంకర నేలలో కూడా బిగుసుకోకుండా విడివడే చేతులున్న టో బార్ తీసుకోమని నా సలహా. పాత రకంలో పిన్నులు పట్టేసి సుత్తితో కొట్టవలసి వస్తుంది.


పద్మావతిపురం మాస్టారు, తిరుపతి

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మెకానిక్ గారి 24 శాతాన్ని, 111 కిలోలను కాగితం మీద రాసి ఫోటో తీసి మా అల్లుడికి పంపాను. రాత్రి ఫోను చేసి, పాత బార్ వద్దనుకున్నామని, బ్రేకు పరికరం లేకుండా కారును తగిలించబోనని చెప్పాడు. పెట్టె రకం కొంటున్నారు.

ఆదివారం నాడు లారీలు ఆగే బంకులో క్యాట్ స్కేల్ కాటా మీద బండిని తూచారు. నీళ్ళ ట్యాంకు నింపి, నలుగురూ సామానుతో కూర్చుంటే 13,640 పౌండ్లు వచ్చింది. మేమిద్దరం, మా పెట్టెలు కలిపి 400 అనుకుంటే 14,040. పరిమితి 14,500 కనుక మిగిలింది 460 మాత్రమే. మా ఇంటావిడ పచ్చళ్ళ జాడీలను కూడా లెక్కలో వేసుకోవలసి ఉన్నది. కారు విడిగా 3,480. మొత్తం 17,520, అనుమతి 22,000. హిచ్ చీటీ మీద 5,000 అని ఉన్నది.

ఒక్క సందేహం మిగిలింది. హిచ్ రిసీవర్ మధ్య భాగం నేల నుండి ఇరవైన్నర అంగుళాల ఎత్తున, కారు బేస్‌ప్లేటు తగిలే చోటు పదహారు అంగుళాల ఎత్తున ఉన్నాయి. ఈ నాలుగున్నర అంగుళాల తేడా ఫరవాలేదా?


చంద్రగిరి కోట, కొలరాడో

ఫరవాలేదని అనలేను మాస్టారూ. బార్ వీలైనంత మట్టంగా ఉండాలి, తేడా 3 అంగుళాలు మించకూడదని చాలామంది తయారీదారులు చెబుతారు. ఎక్కువ వాలుగా ఉంటే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు తోపుడు తిన్నగా కాక ఏటవాలుగా పడి, బార్ కీళ్ళ మీదా బేస్‌ప్లేటు బోల్టుల మీదా భారం పెరుగుతుంది. దీనికి డ్రాప్ రిసీవర్ అనే ముక్క దొరుకుతుంది. రిసీవర్‌లో దూర్చితే టో బార్ తగిలే చోటు కిందికి దిగుతుంది. నాలుగు అంగుళాలు దించేది తీసుకుంటే మీకు తేడా అర అంగుళమే మిగులుతుంది.

కొనే ముందు రెండు సంగతులు చూడమనండి. మొదటిది, ఆ ఇరవైన్నర అంగుళాలను ఖాళీ బండితో కొలిచారా, నీళ్ళూ సామానూ మనుషులూ ఉన్న బండితో కొలిచారా అన్నది. నిండిన బండి వెనుక భాగం ఒక అంగుళం పైగా కిందికి కుంగవచ్చు, కాబట్టి ప్రయాణానికి సిద్ధమైన బండినే మట్టసమైన నేల మీద నిలిపి మళ్ళీ కొలవాలి. రెండవది, ఆ డ్రాప్ రిసీవర్ మీద కూడా బరువు పరిమితి ముద్రించి ఉంటుంది. అది కారు బరువైన 3,480 పౌండ్ల కన్నా తప్పకుండా ఎక్కువ ఉండాలి. వీలైతే మీ హిచ్‌కున్న 5,000కు తగ్గనిదే తీసుకోమనండి.